ఇంట్ తీసి లాంగ్ పెట్టెయ్యమంటారు, వినకండి

కువైట్‌లోని ఖైతాన్‌లో గది తీసుకుని చిన్నాచితకా కంపెనీల్లో ఆఫీసు పని చూసే తెలుగు కుర్రాళ్లకు ఒక అదనపు చాకిరీ తగులుతూ ఉంటుంది. రాజంపేటలోనో రాజోలులోనో డిగ్రీ చదివి, అమీర్‌పేటలో ఒక కోర్సు చేసి ఇక్కడికి వచ్చినవాళ్లు. పొద్దున్నుంచి టైమ్‌షీట్లు, జీతాల పట్టీలు, ఇకామా (నివాస అనుమతి) గడువులు. ఒకరోజు మేనేజరు పిలిచి, పాత కంప్యూటరు ఇవాళో రేపో పోయేలా ఉంది, అందులో ఉన్న జీతాల ప్రోగ్రాముని కొత్తదాంట్లోకి మార్చిపెట్టు అంటాడు. కాదనలేరు.

సోర్సు కోడ్ ఏ సీడీలోనో దొరుకుతుంది. 1990లలో టర్బో సీలో రాసింది కావచ్చు, ఆ తరవాత విజువల్ బేసిక్ 6లో యాక్సెస్ డేటాబేస్ మీద అల్లింది కావచ్చు. రాసినాయన ఏ దేశంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. కుర్రాడు నలుగురినీ అడుగుతాడు. గదిలో ఉన్న అన్న ఒకటి చెబుతాడు, హైదరాబాదులో ఉన్న క్లాస్‌మేటు వాట్సాప్‌లో ఇంకొకటి చెబుతాడు. ఆ సలహాలు పాటించగానే ఎర్రరు పోతుంది, ప్రోగ్రాము లేచి నడుస్తుంది. అందుకే అవి ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకుతూ ఇన్నేళ్లు బతికాయి. కానీ సంఖ్య పట్టని చోట సంఖ్యను కుక్కితే ఏం జరుగుతుందో ఆ సలహా ఇచ్చినవాళ్లు చూడరు. చివరికి దెబ్బ తగిలేది 120 కేడీల (కువైట్ దినార్ల) జీతంలో 90 ఇంటికి పంపే మనిషికి. అందుకని నేను విన్న సలహాలను తీసుకుని, ఏది ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చేయాలో రాస్తున్నాను.

‘ఇంట్ ఉన్న చోటల్లా లాంగ్ పెట్టెయ్’

అన్నింటికంటే ఎక్కువగా వినబడేది ఇదే. దీని పుట్టుక మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఉంది. టర్బో సీ నీలం తెర మీద చదువుకున్న తరానికి ఇంట్ అంటే 2 బైట్లు, లాంగ్ అంటే 4 బైట్లు. విలువ 32,767 దాటేలా ఉంటే లాంగ్ వాడాలి. డాస్ కాలపు 16 బిట్ల కంపైలరుకు అది ముమ్మాటికీ నిజం. అయితే సీ భాష ప్రమాణం ఆ కొలతలను ఎన్నడూ ఖాయం చేయలేదు. ఇంట్‌కు కనీసం 16 బిట్లు, లాంగ్‌కు కనీసం 32 బిట్లు ఉండాలని చెప్పి, మిగిలింది కంపైలరుకు వదిలేసింది. ఇవాళ 64 బిట్ల లినక్సులో లాంగ్ 8 బైట్లు. 64 బిట్ల విండోసులో అదే లాంగ్ 4 బైట్లు, అక్కడి ఇంట్ కూడా 4 బైట్లే. మీ ఆఫీసులో ఉన్నది విండోసు అయితే ఇంట్ తీసి లాంగ్ పెట్టినందువల్ల ఒక్క బిట్ కూడా పెరగదు. మార్పు చేశామన్న ధీమా మాత్రం పెరుగుతుంది.

మన చేతిలో రోజూ ఉండే సివిల్ ఐడీనే చూడండి. 12 అంకెలు. మొదటి అంకె శతాబ్దాన్ని చెబుతుంది: 1900లలో పుట్టినవాళ్లకు 2, 2000 నుంచి పుట్టినవాళ్లకు 3. తరవాతి ఆరు అంకెలు పుట్టిన ఏడు, నెల, తేదీ. ఆ తరవాత వరుస సంఖ్య, చివరన సరిచూసే అంకె. 4 బైట్ల ఇంట్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. రుణ సంఖ్యలు వద్దనుకుని అన్‌సైన్డ్ చేసినా 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 దగ్గర ఆగిపోతుంది. రెండూ పది అంకెలవే. 2తో మొదలయ్యే 12 అంకెల సంఖ్య ఏదైనా 20 వేల కోట్లకు తక్కువ ఉండదు. కాబట్టి ఖైతాన్‌లో తిరిగే ఏ మనిషి సివిల్ ఐడీ అయినా 4 బైట్లలో పట్టదు. బలవంతంగా కుక్కితే పై బిట్లు రాలిపోయి పదంకెలకు మించని ఏదో సంఖ్య మిగులుతుంది, ఒక్కోసారి ముందు మైనస్ గుర్తుతో. ఆ సంఖ్య నుంచి అసలు నంబరు తిరిగి రాదు.

ఇక్కడ సరైన మందు 8 బైట్లు కూడా కాదని నా అభిప్రాయం. సివిల్ ఐడీని ఎవరూ కూడరు, తీసివేయరు, సగటు కట్టరు. అది గుర్తింపు. 12 అక్షరాల టెక్స్టుగా దాచండి. ఆధార్, పాస్‌పోర్టు, ఫోన్ నంబరు అన్నీ అంతే. ఎక్సెల్‌లో సివిల్ ఐడీ కొట్టగానే 2.85ఈ+11 అని మారిపోవడం మీరందరూ చూసే ఉంటారు. ఆ గడిలో ఉన్నది సంఖ్య అనుకుని ఎక్సెల్ 11 అంకెల వరకే పూర్తిగా చూపిస్తుంది. గడిని ముందే టెక్స్టుగా మార్చి అప్పుడు కొట్టాలి.

నిజంగా లెక్కలోకి వచ్చే విలువకు మాత్రం కొలత పేరులోనే ఉన్న రకాలు వాడండి. 1999 సీ ప్రమాణం ఎస్‌టీడీఇంట్ అనే హెడర్‌లో వాటిని ఇచ్చింది: ఇంట్16_టీ, ఇంట్32_టీ, ఇంట్64_టీ. విజువల్ స్టూడియోలో కూడా 2010 నుంచి ఉన్నాయి. ఏ మిషన్‌కు వెళ్లినా 32 అంటే 32 బిట్లే.

‘పేరు చూసి పేరు పెట్టుకుంటూ పో’

విజువల్ బేసిక్ 6 నుంచి డాట్‌నెట్‌కు మార్చేవాళ్లకు ఇచ్చే సలహా ఇది. ఇంటీజర్‌కు ఇంటీజర్, లాంగ్‌కు లాంగ్. పేర్లు ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ వీబీ 6లో ఇంటీజర్ 2 బైట్లు, లాంగ్ 4 బైట్లు. డాట్‌నెట్‌లో ఇంటీజర్ 4, లాంగ్ 8. కాబట్టి పాత ఇంటీజర్‌కు కొత్త షార్ట్, పాత లాంగ్‌కు కొత్త ఇంటీజర్ సరిజోడు. లోపల లోపల లెక్కలు చేసుకునే వేరియబుల్‌కు పెద్ద రకం పెట్టినా సాధారణంగా హాని లేదు. పాత ఫైలు నుంచి రికార్డు చదివే చోట, విండోస్ ఫంక్షన్‌ను పిలిచే చోట మాత్రం ఎదుటివాడు ఎన్ని బైట్లు ఆశిస్తున్నాడో అన్నే ఇవ్వాలి. ఆ చోట్లను ముందే గుర్తించి ఎర్ర సిరాతో గుండ్రం చుట్టుకోండి. పని మొత్తంలో అసలు కష్టం అక్కడే ఉంది.

సీ షార్ప్‌లోకి మార్చేవాళ్లు ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. వీబీలో సంఖ్య హద్దు దాటితే ప్రోగ్రాము ‘ఓవర్‌ఫ్లో’ అని ఆగిపోతుంది. వీబీ 6లో 24 × 60 × 60 అని నేరుగా రాస్తేనే ఆగిపోతుంది, ఎందుకంటే మూడూ 2 బైట్ల సంఖ్యలు, లబ్ధం 86,400. ఆ ఆగిపోవడం మేలు చేసేది. సీ షార్ప్ మామూలు సెట్టింగుల్లో వేరియబుళ్ల లెక్క హద్దు దాటినా ఆగదు, తప్పు జవాబు చేతిలో పెట్టి ముందుకు పోతుంది. ప్రాజెక్టు సెట్టింగుల్లో ఓవర్‌ఫ్లో తనిఖీ పెట్టే వీలుంది. డబ్బు లెక్క ఉన్న ప్రతి ప్రోగ్రాములోనూ దాన్ని పెట్టి తీరాలి. కొంచెం నెమ్మదవుతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. వెయ్యిమంది జీతాల లెక్కలో ఆ ఆలస్యం కంటికి ఆనదు.

‘పెద్దది పెడితే పోయేదేముంది’

చాలా పోతుంది. పాత డేటా మొత్తం పోవచ్చు.

టర్బో సీలో ఒక ఉద్యోగి రికార్డు ఇలా ఉందనుకోండి: నంబరు ఇంట్, పేరు 30 అక్షరాలు, జీతం లాంగ్. 2, 30, 4 కలిపి 36 బైట్లు. ఆ రికార్డులను ఎఫ్‌రైట్‌తో నేరుగా ఫైలులోకి పోయడం ఆ రోజుల్లో అందరూ చేసిన పని. అదే స్ట్రక్చర్‌ను ఒక్క అక్షరం మార్చకుండా 64 బిట్ల విండోసులో కంపైల్ చేస్తే 40 బైట్లవుతుంది: ఇంట్ 4 అయింది, పేరు తరవాత జీతాన్ని 4 గుణిజం దగ్గర నిలబెట్టడానికి కంపైలరు 2 ఖాళీ బైట్లు దూర్చింది. 64 బిట్ల లినక్సులో 48 అవుతుంది: లాంగ్ 8 అయింది, ఖాళీ 6 అయింది. ఫైలులో ఉన్నవి మాత్రం ఇప్పటికీ 36 బైట్ల రికార్డులే. చొక్కాకు పై గుండీ తప్పు కాజాలో పెట్టుకుంటే కింది గుండీలన్నీ తప్పినట్టు, మొదటి ఉద్యోగి నంబరులోకి అతని పేరులోని రెండు అక్షరాలు వచ్చి పడతాయి, అక్కడి నుంచి ప్రతి రికార్డూ జరిగిపోతుంది.

దీనికి విరుగుడుగా ‘ప్రాగ్మా ప్యాక్ 1 పెట్టు, ఖాళీలు పోతాయి’ అని ఇంకో సలహా వస్తుంది. ఖాళీలు పోయే మాట నిజమే. అప్పుడు విండోసులో 38, లినక్సులో 42. రెండూ 36 కావు. ప్యాక్ పెట్టండి, దాంతోపాటు నంబరును ఇంట్16_టీగా, జీతాన్ని ఇంట్32_టీగా మార్చండి. అప్పుడు ఎక్కడైనా 36 వస్తుంది. సైజ్ఆఫ్ 36 కాకపోతే కంపైలే కాకుండా ఒక స్టాటిక్ అసర్ట్ కూడా రాయండి. పాత ఫైలును ఇలా చదివి, కొత్త ఫైలును విశాలమైన రకాలతో వేరుగా రాసుకోండి. చదవడం, రాయడం రెండింటికీ ఒకే స్ట్రక్చర్ వాడాలనే పట్టుదల వద్దు.

రెండో నష్టం ఇంకా లోతుగా ఉంటుంది. కొన్ని పాత ప్రోగ్రాములు సంఖ్య తిరగబడటం మీదే ఆధారపడి రాసినవి. ఫైలు చెడిందో లేదో చూడటానికి బైట్లన్నీ కూడి చివర ఒక మొత్తం పెట్టేవారు. 16 బిట్ల అన్‌సైన్డ్ ఇంట్ 65,535 తరవాత సున్నాకు వస్తుంది, ఆ తిరగబడిన మొత్తమే ఫైలులో ఉంది. కొత్త కంపైలరులో ఇంట్ 32 బిట్లు కాబట్టి అది తిరగబడదు. మంచి ఫైలునే చెడిపోయిందని తోసిపుచ్చుతుంది. అలాగే హెక్సాలో నాలుగు ఎఫ్‌లు రాసి దాన్నే -1గా వాడేవారు. 16 బిట్లలో రెండూ ఒకటే. 32 బిట్లలో నాలుగు ఎఫ్‌లంటే 65,535. ‘జాబితా ఇక్కడ ముగిసింది’ అని చెప్పే గుర్తు ఎన్నటికీ కనబడదు. ఈ రెండు చోట్లా పాత చిన్న కొలతనే నిలబెట్టాలి. చిన్నది ఎందుకు ఉందో తెలుసుకోకుండా పెద్దది చేయవద్దు.

‘ఎర్రర్ వస్తోందా? ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ రాసెయ్’

ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. వీబీలోనూ ఎక్సెల్ మాక్రోల్లోనూ ఈ ఒక్క వాక్యం రాస్తే ఎర్రరు వచ్చిన వాక్యాన్ని దాటేసి ప్రోగ్రాము తరవాతి వాక్యానికి పోతుంది. ఏం జరుగుతుందో ఒక ఫోన్ నంబర్ల జాబితా మీద చూద్దాం.

కువైట్ ఫోన్ నంబరు 8 అంకెలు. 2008 అక్టోబరు దాకా 7 ఉండేవి. 8 అంకెల సంఖ్య ఏదైనా 10 కోట్లకు లోపే, 4 బైట్ల లాంగ్‌లో హాయిగా పడుతుంది. కాబట్టి ఇక్కడి పాత ప్రోగ్రాములో ఫోన్ నంబరును లాంగ్‌గా పెట్టడం ఆనాడు తప్పుగా కనబడలేదు. మన దేశపు మొబైల్ నంబరు 10 అంకెలు, 6, 7, 8, 9లతో మొదలవుతుంది. అంటే తక్కువలో తక్కువ 600 కోట్లు. ఒక్కటి కూడా పట్టదు.

ఇప్పుడు మాక్రో వరుసగా పేర్లు చదువుతోంది. మొదటి మనిషి కువైట్ నంబరు ఇచ్చాడు, వేరియబుల్‌లో పడింది, అతని పేరు ఎదురుగా రాసింది. రెండో మనిషి కొత్తగా వచ్చాడు, ఇంకా సిమ్ తీసుకోలేదు, ఊళ్లో భార్య నంబరు ఇచ్చాడు. లాంగ్‌లోకి మార్చే వాక్యం దగ్గర ఓవర్‌ఫ్లో. ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ ఉంది కాబట్టి ఆ వాక్యాన్ని దాటేసింది. వేరియబుల్‌లో మొదటి మనిషి నంబరు అలాగే ఉంది. తరవాతి వాక్యం దాన్ని రెండో మనిషి పేరు ఎదురుగా రాసేసింది. తెర మీద ఎక్కడా ఎర్రరు లేదు, గడులన్నీ నిండాయి, చూడటానికి పట్టిక ముచ్చటగా ఉంది. రేపు ఆ మనిషికి సైట్‌లో ఏదైనా అయితే ఆఫీసు ఫోన్ చేసేది ఎవరికి? ఫోన్ నంబరు కాబట్టి ఇంతటితో పోయింది. అదే గడిలో బ్యాంకు ఖాతా నంబరు ఉంటే ఒకరి జీతం ఇంకొకరికి పోయినట్టే.

మార్చాల్సిన ప్రోగ్రాములో ఈ వాక్యం ఎన్నిచోట్ల ఉందో మొదట వెతకండి. అన్నింటినీ తీసేసి నడపండి. ఆగిన ప్రతిచోటా ఒక పట్టని సంఖ్య మీకు దొరుకుతుంది. ఎర్రరు మీ పక్షాన ఉన్న సాక్షి, దాని నోరు నొక్కకండి.

‘వార్నింగులేగా, ఆపేయ్’

64 బిట్ల కంపైలరు పాత సీ కోడ్ మీద వందల హెచ్చరికలు కురిపిస్తుంది. విజువల్ స్టూడియోలో సీ4311, సీ4312 అని వస్తే పాయింటరును ఇంట్‌లోకో ఇంట్‌ను పాయింటరులోకో తోస్తున్నారని అర్థం. పాయింటరు ఇప్పుడు 8 బైట్లు, ఇంట్ 4. చిరునామాలో పై సగం పోతుంది. చిన్న ప్రోగ్రాములో మెమరీ చిరునామాలు తక్కువ అంకెల్లో ఉంటే పై సగం సున్నాలే, పోయినా తెలియదు. డేటా పెరిగి చిరునామా 4 గిగాబైట్లు దాటిన రోజు కూలుతుంది. అప్పటికి మీరు ఆ కంపెనీలో ఉండకపోవచ్చు. ఆ తరవాత వచ్చే కుర్రాడికి అది చుట్టుకుంటుంది.

పాత కోడ్‌లో ఫంక్షన్ గురించి ముందుగా చెప్పకుండా పిలిస్తే అది ఇంట్ తిరిగి ఇస్తుందని పాత సీ కంపైలర్లు అనుకునేవి. టర్బో సీ కోడ్ తెచ్చినవాళ్లు కోనియో, అలాక్ హెడర్లు కొత్త కంపైలరులో దొరకడం లేదని ఆ లైన్లు కొట్టేస్తారు. దాంతో కొన్ని ఫంక్షన్ల వివరం కంపైలరుకు తెలియకుండా పోతుంది. పాయింటరు ఇచ్చే ఫంక్షన్ కూడా ఇంట్ ఇస్తున్నట్టు లెక్క. ఇలా అనుకునే పద్ధతిని 1999 సీ ప్రమాణమే తీసేసింది. 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలరు దీన్ని నేరుగా ఎర్రరుగా చూపిస్తుంది. దానికి పాత ఆప్షన్ పెట్టి నోరు మూయించే చిట్కా చెలామణిలో ఉంది. పెట్టవద్దు. హెడర్ చేర్చండి. పాయింటరును సంఖ్యగా దాచక తప్పని చోట ఇంట్‌పీటీఆర్_టీ వాడండి.

ఎక్సెల్, యాక్సెస్ మాక్రోల్లో దీని చెల్లెలు ఉంది. 64 బిట్ల ఆఫీసు 2010లో వచ్చింది. పాత మాక్రో తెరవగానే డిక్లేర్ వాక్యాలకు పీటీఆర్‌సేఫ్ తగిలించమని అది అడుగుతుంది. మనవాళ్లు ప్రతి డిక్లేర్ పక్కనా ఆ మాట అతికించి, ఎర్రరు పోయిందని పక్కకు తప్పుకుంటారు. ఆ మాట ఏ కొలతనూ మార్చదు. ‘నేను చూసుకున్నాను, ఇది 64 బిట్లకు తగినదే’ అని మీరు పెట్టే సంతకం అది. ఊరికే అతికిస్తే అది చూడకుండా పెట్టిన సంతకం అవుతుంది. పాయింటరుకు, హ్యాండిల్‌కు వాడిన ప్రతి లాంగ్‌ను లాంగ్‌పీటీఆర్ చేయాలి. విండో హ్యాండిల్‌లో పనికొచ్చేవి 32 బిట్లే కాబట్టి కొన్ని మాక్రోలు లాంగ్‌తోనే నడిచినట్టు కనిపిస్తాయి. ఆ నడకను చూసి మిగతావాటిని నమ్మకండి.

‘ఫలితం పెట్టే చోట 64 బిట్లు పెట్టు, చాలు’

దినారుకు వెయ్యి ఫిల్సులు. రూపాయి లెక్కకు అలవాటుపడిన మనం వందతో ఆలోచిస్తాం, ఇక్కడ మూడు దశాంశాలు. ఫిల్సుల్లో లెక్కిస్తే 2 బైట్ల ఇంట్ 32 దినార్ల 767 ఫిల్సుల దగ్గరే నిండిపోతుంది. అందుకే ఆనాటి ప్రోగ్రామరు డబ్బుకు లాంగ్ పెట్టాడు. ఆ 4 బైట్ల హద్దు 21,47,483 దినార్ల 647 ఫిల్సులు. చాలా పెద్ద మొత్తంగా కనబడుతుంది.

1,200 మంది కూలీలున్న కాంట్రాక్టు కంపెనీ అనుకోండి, మనిషికి నెలకు 150 దినార్లు. నెలకు 1,80,000. జనవరి నుంచి నవంబరు దాకా కూడితే 19,80,000, పట్టింది. డిసెంబరు కూడితే 21,60,000. పట్టలేదు. తిరగబడి మైనస్ 21,34,967 దినార్ల 296 ఫిల్సులు అవుతుంది. పదకొండు నెలలు సరిగ్గా నడిచిన ప్రోగ్రాము సంవత్సరాంతపు పట్టీ తీసే రోజున బోల్తా పడుతుంది. పరీక్షించడానికి ఒక నెల డేటా తీసుకున్నవాడికి ఇది ఏనాటికీ కనబడదు.

సలహా ఇచ్చేవాడు మొత్తం దాచే వేరియబుల్‌ను 64 బిట్లు చేయమంటాడు. చేసి, కుడివైపు మనుషుల సంఖ్య × నెల జీతం × 12 అని రాస్తారు. కుడివైపున ఉన్న మూడూ 32 బిట్లవైతే సీ, సీ షార్ప్ రెండూ ఆ గుణకారాన్ని 32 బిట్లలోనే చేస్తాయి. తప్పు అక్కడే జరిగిపోతుంది. తప్పిన జవాబును ఆ తరవాత పెద్ద డబ్బాలో పోస్తాయి. గుణించే ముందే కనీసం మొదటి సంఖ్యను 64 బిట్లు చేయాలి.

‘అదంతా ఎందుకు, ఫ్లోట్ పెట్టెయ్’ అంటారు ఇంకొందరు. 4 బైట్ల ఫ్లోట్ 1,67,77,216 దాకానే ప్రతి పూర్ణాంకాన్నీ తప్పకుండా పట్టుకోగలదు. ఫిల్సుల్లో అది 16,777 దినార్లు. దాని పైన ఒక్కో ఫిల్సు మాయమవడం మొదలవుతుంది. డబ్బుకు 64 బిట్ల పూర్ణాంకం గాని, దశాంశ రకం గాని వాడండి. వీబీ 6లోని కరెన్సీ రకం నాలుగు దశాంశాల దాకా పట్టే 8 బైట్ల రకం. ఆ పాత ప్రోగ్రాములో అది వాడి ఉంటే రాసినాయనకు దండం పెట్టుకుని, దాన్ని డెసిమల్‌గా మార్చుకోండి.

‘ఇన్నేళ్లు నడిచింది, ముట్టుకోకు’

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి లేచిన ఏరియాన్ 5 రాకెట్ దాదాపు 40 సెకన్లకు పేలిపోయింది. ఏరియాన్ 4లో బాగా నడిచిన కోడ్‌నే అందులో పెట్టారు. కొత్త రాకెట్ అడ్డంగా వేగం పుంజుకోవడం ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చే చోట పట్టలేదు. ఆ లెక్క గాల్లోకి లేచాక ఏరియాన్ 5కు అవసరమే లేదు.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ 2022 జనవరి 1న వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ సర్వర్లలో మెయిళ్లు క్యూల్లో ఇరుక్కుపోయాయి. వైరస్ తనిఖీ చేసే భాగం తన వెర్షన్‌ను ఏడు, నెల, తేదీ, వరుస సంఖ్య కలిపి ఒకే సంఖ్యగా పెట్టుకుంది: 2201010001. 4 బైట్ల హద్దు 2147483647. 2021 చివరి రోజు దాకా పట్టింది, మర్నాడు పట్టలేదు. ఇన్‌వాయిస్ నంబరును ఇలాగే ఏడు-నెల-తేదీ-వరుసగా కలిపి లాంగ్‌లో దాచే ఆఫీసు ప్రోగ్రాములన్నింటికీ అదే గండం. మీ బిల్లు నంబరు ఎలా కడుతున్నారో ఈ పూటే చూడండి.

అన్నింటిలోకీ చెడ్డ సలహా

1991 ఫిబ్రవరి 25. కువైట్ జాతీయ దినం, కానీ దేశం ఇంకా ఇరాక్ ఆక్రమణలోనే ఉంది. ఆ రాత్రి సౌదీ తీరంలోని దహ్రాన్‌లో అమెరికా సైనికుల బస మీద ఇరాక్ స్కడ్ క్షిపణి పడి 28 మంది చనిపోయారు. అక్కడ కాపలా ఉన్న పేట్రియట్ వ్యవస్థ దాన్ని అడ్డుకోలేదు. దాని కంప్యూటరులో గడియారం సెకనులో పదో వంతు చొప్పున లెక్కిస్తూ పోయేది. ఆ లెక్కను సెకన్లుగా మార్చడానికి పదో వంతును 24 బిట్ల రిజిస్టరులో పెట్టారు. పదో వంతు బైనరీలో తెగని భిన్నం. 24 బిట్ల దగ్గర కోస్తే లేశమంత తేడా మిగులుతుంది. అది గంటలతో పాటు పెరుగుతుంది. దహ్రాన్‌లోని యంత్రం 100 గంటలకు పైగా ఆగకుండా నడుస్తోంది. తేడా దాదాపు 0.34 సెకను అయింది. ఆ వ్యవధిలో స్కడ్ సగం కిలోమీటరుకు పైగా దూసుకుపోతుంది. రాడార్ వెతకాల్సిన చోట వెతకలేదు. కోడ్‌లో కొన్నిచోట్ల మెరుగైన మార్పిడి పద్ధతి చేర్చి, మిగతా చోట్ల పాతదే వదిలేయడం వల్ల రెండు లెక్కల తప్పులూ ఒకదానికొకటి కొట్టేసుకోకుండా మిగిలాయని ఆ తరవాతి విశ్లేషణ చెప్పింది. పాత కోడ్‌ను సగం మార్చి వదిలేస్తే జరిగేది ఇదే.

తప్పు అప్పటికే తెలుసు. ఫిబ్రవరి 11న ఇజ్రాయెల్ నుంచి వచ్చిన సమాచారంలో 8 గంటలు నడిస్తేనే గురి 20 శాతం జరుగుతోందని బయటపడింది. 16న సరిచేసిన సాఫ్ట్‌వేర్ తయారైంది. 21న వాడేవాళ్లకు ఒక హెచ్చరిక వెళ్లింది: చాలా ఎక్కువసేపు నడిపితే గురి జరగవచ్చు. ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో అందులో లేదు. గంటలు చెప్పి ఉంటే యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టేవారు. ఆ ఒక్క పనితో గడియారం మొదటికి వచ్చేది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది 26న, కువైట్ విముక్తి దినాన.

మన గదుల్లో వినిపించే సలహాలన్నింటిలో ఆ హెచ్చరికలోని లోపమే ఉంది: హద్దు ఎంతో చెప్పరు. ‘పెద్ద నంబర్లకు పని చేయదు’, ‘డేటా ఎక్కువైతే కష్టం’, ‘ప్రస్తుతానికి సరిపోతుంది’. ఎంత పెద్ద, ఎంత ఎక్కువ, ఎప్పటిదాకా? అంకె లేని సలహాను తీసుకోవద్దు, ఇవ్వవద్దు. ప్రోగ్రాము ముట్టుకునే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని ప్రతి ఫీల్డు పేరు రాయండి. పక్కన అందులోకి నిజ జీవితంలో రాగల అతిపెద్ద విలువ, దాని పక్కన పాత కొలత, దాని పక్కన కొత్త కొలత. విలువ ఎంత పెరగగలదో అకౌంటెంటునో, ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే మందూబ్‌నో అడగండి. ఆ సంగతి కంపైలరుకు తెలియదు, వాళ్లకు తెలుసు. పరీక్షకు మామూలు డేటా కాక హద్దుకు ఒకటి తక్కువ, సరిగ్గా హద్దు, హద్దుకు ఒకటి ఎక్కువ పెట్టి నడపండి. పాత మిషన్‌నూ కొత్తదాన్నీ కొన్ని నెలలు పక్కపక్కన నడిపి పట్టీలు పోల్చండి. మేనేజరు తొందరపెడితే ఆ కాగితం చూపించండి. అంకెలు చూస్తే ఆయన కూడా ఆగుతాడు.

ఆ కాగితం మీద తేదీల వరస దగ్గర ప్రత్యేకంగా నిలబడండి. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కించి 4 బైట్లలో దాచే తేదీలు 2038 జనవరి 19, మంగళవారం, కువైట్ సమయం ఉదయం 6 గంటల 14 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతాయి. మన ఊళ్లో అప్పుడు 8 గంటల 44 నిమిషాలు. తరవాతి సెకను 1901 డిసెంబరు 13వ తేదీగా కనబడుతుంది. కొత్త కంపైలర్లలో టైమ్ రకం 64 బిట్లకు పెరిగింది కాబట్టి భయం లేదంటారు. ఫైలులోనూ డేటాబేసులోనూ దాచిన 4 బైట్ల గడి దానంతటది పెరగదు. మైఎస్‌క్యూఎల్ టైమ్‌స్టాంప్ గడికి ఆ క్షణమే హద్దు. ఆ రోజు దాకా ఆగే పని కూడా లేదు: అప్పు తీరే తేదీ, లీజు ముగిసే తేదీ, సర్వీసు పూర్తయ్యే తేదీ 2038 దాటితే ఇవాళే తప్పు పడుతుంది. మీరు మారుస్తున్న ప్రోగ్రాములో అలాంటి గడి ఒక్కటి ఉన్నా, వచ్చే జీతాల పట్టీ తీసేలోపు దాన్ని 8 బైట్లు చేయండి.